లంక దాకా మోసిన మోకు

ఫిబ్రవరి నెల రెండో గురువారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు, శ్రీలంకలో సముద్రం పక్కన ఒక కొబ్బరిచెట్టు కింద, నా సంచి మీద కూర్చుని లేవనంటే లేవనని మొండికేశాను. ఎదురుగా మా ఆయన చెయ్యి చాపి నిలబడ్డాడు. సంచిలో ఆయన మోకు ఉంది. మోకు అంటే తెలియని వాళ్లకు చెప్తున్నా. కల్లు గీసేవాడు తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు అది. అది ఉంటేనే మనిషి వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి, గెల కోయగలడు.

పన్నెండు రోజులు ఆ దేశంలో తిరిగాం. దేశం మంచిది. పోయి చూడని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కానీ నా కళ్లు సగం దేశం మీద, సగం ఆ సంచి మీద ఉన్నాయి. అందుకని రెండూ కలిపే చెప్పాలి.

ఉప్పల్

మాది పాత ఉప్పల్. మా మామ గీసిన ఈతచెట్ల చోట ఇప్పుడు కాలనీలున్నాయి, వాటికి పూల పేర్లు పెట్టారు. చెట్లు పోయాక మా ఆయన యాదగిరి సైకిల్ మీద అన్నోజిగూడ దిక్కు పోయి, అక్కడ మిగిలిన నాలుగు చెట్లు గీసేవాడు. తొమ్మిదేళ్ల కింద ఒకరోజు, పొట్టి ఈతచెట్టే కదా అని మోకు లేకుండా ఎక్కాడు. పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పాక నాచారంలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు.

అప్పటి నుంచి ఆయన చెట్టు వైపు తల ఎత్తలేదు. రామంతాపూర్ పోయే దారిలో ఒక ఇంటి గోడను ఆనుకుని ఒక్క తాటిచెట్టు మిగిలి ఉంది. అది రాగానే ఆయన రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాడు. నడిచినంతసేపు నేల చూపులే. మోకు మాత్రం ఇంట్లో మేకుకు వేలాడేది. నేను దాన్ని ముట్టలేదు, దులపలేదు. పండక్కి సున్నం వేసేటప్పుడు కూడా దాని చుట్టూ వేయించాను.

మా కోడలు రమ మందుల కంపెనీలో పని చేస్తుంది, ఇంగ్లీషు వచ్చు. ఒక ఆదివారం ఫోను పట్టుకొచ్చి మామ ముందు పెట్టింది.

"మామా, గిటు సూడు. శ్రీలంకల గూడ మీ అసుంటోళ్లే ఉన్నరు."

ఆ వీడియోలో ఒకాయన కొబ్బరిచెట్టు ఎక్కి, అక్కడి నుంచి దిగకుండా తాడు మీద నడుచుకుంటూ పక్క చెట్టుకు, అక్కడి నుంచి ఇంకో చెట్టుకు పోతున్నాడు. కాలి కింద ఒక తాడు, చేతికి ఒక తాడు. అంతే.

"నడుముకేం లేదేందే?" అన్నాడు మా ఆయన.

"లేదు మామా."

"ఏమీ లేదా? మల్ల పెట్టు."

మళ్లీ పెట్టింది. ఫోను ఆరిపోయేదాకా చూశాడు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే "బిడ్డా, ఆ లంకాయన్ని పెట్టు" అన్నాడు. తొమ్మిదేళ్లలో ఈ మనిషి నోరు తెరిచి ఇది కావాలని అడిగింది లేదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే ఊరుకుంటాడు. ఆ రోజే అనుకున్నాను, తీసుకుపోయి చూపిస్తానని. మసాలా కంపెనీలో ప్యాకింగ్ పని మానేసినప్పుడు నాకు వచ్చిన డబ్బు కొంత ఉంది. క్యాబ్ నడిపే మా కొడుకు పిల్లల్ని చూసుకుంటానన్నాడు. రమ సెలవు పెట్టింది.

ఒట్టు మాత్రం వేయించుకున్నాను. "సూసుడే. ఎక్కుడు లేదు."

"ఈ కాలుతోటి ఏడెక్కుతనే, లచ్చవ్వా," అన్నాడు.

శంషాబాద్

విమానం దగ్గర సామాను తూచే పిల్ల, "అమ్మా, రెండు కిలోలు ఎక్కువుంది, ఏదైనా తియ్యండి" అంది. సంచి విప్పాం. ధోవతుల కింద చుట్ట చుట్టి మోకు కనబడింది.

"ఇదేందయ్యా?"

"మోకు."

"మోకని నాకెరుకలేదా? మన ఎంబడి ఎందుకొచ్చింది?"

"ఉండనియ్."

"ఒట్టు తిన్నవ్ గద!"

"ఎక్కనని తిన్న. తేనని తినలే."

వెనక లైన్లో జనం గొణుగుతున్నారు. నేను మోకు బయట పడేసేలోపు ఆయన నా మామిడికాయ తొక్కు డబ్బా తీసి, అక్కడ నేల తుడుస్తున్న ఆమె చేతిలో పెట్టాడు. "ఇంటిది బిడ్డా, మస్తుంటది, తిను." పన్నెండు రోజులకు సరిపడా తొక్కు అది. కొలంబోలో దిగేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు అదేం శిక్ష కాదు, హాయిగా నిద్రపోయాడు.

మొగోళ్ల ఆశ నాకు తెలియదా? చూసిన వెంటనే ఎక్కాలనిపిస్తుంది. దిగిన దగ్గర నుంచి ఆ సంచి నేనే పట్టుకున్నాను.

కొలంబో

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. నాచారంలో సాయంత్రం బడికి పోయి నేర్చుకున్నాను. అప్పటి నుంచి బోర్డు కనబడితే చాలు, పైకి చదవడం నాకు అలవాటు. "ఇక్కడ చెత్త వేయరాదు" నుంచి మొదలుపెట్టి అన్నీ చదువుతాను. కొలంబోలో దిగి చూస్తే అక్కడి అక్షరాలు మన వాటికి చెల్లెళ్లలా ఉన్నాయి. అదే గుండ్రం, అవే మెలికలు. సంతోషంగా చదవబోయాను. ఒక్కటీ రాలేదు. నిమిషంలో మళ్లీ వేలిముద్ర వేసే నిశానీదాన్ని అయిపోయాను. రమ నవ్వింది. "అత్తమ్మా, ఇగ ఇక్కడ గూడ బడికి పోతవా ఏంది?"

స్టేషన్ పక్కన చిన్న హోటల్లో కూర్చున్నాం. అడక్కముందే ఒకాయన పళ్లెం నిండా రొట్టె చుట్టలు, చేప పెట్టిన బొండాలు, గుడ్డు పెట్టిన సమోసాల వంటివి తెచ్చి మధ్యలో పెట్టాడు. ఎంత మర్యాద అనుకున్నాం. మన దగ్గర పెట్టింది వదిలేస్తే పెట్టినవాళ్లను తక్కువ చేసినట్టు. మా ఆయన ఒక్కొక్కటే తింటూ, చెమటలు కారుతుంటే నీళ్లు తాగుతూ, పళ్లెం ఖాళీ చేశాడు. హోటలాయన కళ్లు పెద్దవి చేసి, ఇంకో పళ్లెం తెచ్చాడు.

"రమా, ఇగ నాతోని గాదు. నువ్వన్న తిను బిడ్డా, పరువు పోతది," అన్నాడు మా ఆయన.

అప్పుడు రమ అడిగి తెలుసుకుంది. అక్కడి పద్ధతి అది. పళ్లెం నిండా తెచ్చి పెడతారు, తిన్న వాటికే లెక్క కడతారు, మిగిలింది ఇంకొకరి బల్ల మీదికి పోతుంది. మన రూపాయికి వాళ్లవి మూడున్నర దాకా వస్తాయట. అయినా చాయ్ వంద రూపాయలు అంటే నాకు ప్రతిసారీ గుండె ఆగేది.

తిండి మాత్రం బాగుంది. పొద్దున బియ్యప్పిండితో దారాల్లా ఒత్తి ఆవిరి మీద ఉడికించినవి పెడతారు, మీద పప్పు, పక్కన పచ్చికొబ్బరి కారం. ఆ కొబ్బరి కారం తిన్నాక నా తొక్కు మీద బెంగ సగం తగ్గింది. సగమే.

కాండీ, అక్కడి నుంచి ఎర్ర బస్సు

కాండీలో బుద్ధుడి గుడికి పోయాం. జనం చాలా ఉన్నారు, చప్పుడు లేదు. తెల్లబట్టలు కట్టుకుని, చేతిలో కలువపూలు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు జరుగుతున్నారు. ముందున్నవాళ్లను తోసేవాళ్లు లేరు. మన గుళ్లలో లైను ఎట్లా ఉంటుందో నేను రాయక్కర్లేదు.

హట్టన్ పోవడానికి ఎర్ర బస్సు ఎక్కాం. అచ్చం మన ఆర్టీసీ బస్సే, అదే మోత, అదే కండక్టర్ వేళ్ల మధ్య మడిచిన నోట్లు. సీట్లు లేక నిలబడ్డాను. కూర్చున్న ఒకామె నా వైపు చూసి, నా సంచి పట్టుకుని లాగింది. నేను లాగాను. ఆమె లాగింది. దొంగ అనుకుని అరవబోయాను.

"ఇడువు అత్తమ్మా," అంది రమ. "నిలబడ్డోళ్ల సంచులు కూసున్నోళ్లు ఒళ్లె పెట్టుకుంటరట ఇక్కడ. జర సుట్టు సూడు."

చూశాను. నిజమే. ముక్కూ ముఖం తెలియని వాళ్ల సంచులు, గొడుగులు, బడిపిల్లల పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని బస్సంతా కూర్చుంది. నేను సంచి వదిలాను. ఆమె పైనుంచి తడిమింది, లోపల తాడు చుట్ట తగిలినట్టుంది, నా ముఖం చూసింది. మా ఆయన్ని చూపించి, చెట్టెక్కినట్టు చేతులు ఆడించాను. ఆమె ఆయన కుంటికాలు చూసి తల అడ్డంగా ఊపింది. ఏ దేశమైనా ఆడవాళ్లకు బుద్ధి ఒకటే అనుకున్నాను.

హట్టన్

హట్టన్‌లో కొండలన్నీ తేయాకు. దువ్విన తలల్లా ఉన్నాయి. ఒక పాకలో చాయ్ తాగడానికి ఆగాం. అది మారియాయి అనే ఆమెది. తేయాకు తెంపడానికి తాతల కాలంలో అరవ దేశం నుంచి వచ్చిన వాళ్ల మనవరాలు. ఆమెకు తెలుగు రాదు, మాకు అరవం రాదు. అయినా అక్క, అమ్మ, పాలు, పండు అంటే ఇద్దరికీ అర్థమయ్యాయి. పిల్లలెంతమందని వేళ్లతో అడిగింది. నేను ఒక్క వేలు చూపిస్తే అయ్యో అన్నట్టు ముఖం పెట్టి, తనవి అయిదు చూపించింది.

అక్కడ చాయ్‌లో పాలు ఉండవు, చక్కెర ఉండదు. అరచేతిలో బెల్లం ముక్క పెడతారు. కొరుక్కుంటూ తాగాలి. మా ఆయన ముక్క కొరికి ఆగిపోయాడు. ఇంకోసారి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇది చెరుకుది గాదు. తాటిబెల్లం గూడ గాదు."

మారియాయి నవ్వి, పాక వెనక్కి రమ్మంది. అక్కడ ఒక పెద్ద చెట్టు. నిలువు మాను, చేప తోకల్లాంటి ఆకులు, పైన ఎక్కడో నల్లగా ఒక కుండ. మా ఆయన ఆ చెట్టు మొదట్లో చెప్పులు విడిచాడు. తరువాత, నేను చూస్తుండగానే, గడ్డం లేపాడు. మెడ వెనక్కి వంచాడు. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టి, సన్నటి తుంపర ముఖం మీద పడుతున్నా, పైకే చూస్తూ నిలబడ్డాడు.

"జీలుగు చెట్టు," అన్నాడు. "దీని నీరాతోటే చేసిన్రు ఆ బెల్లం." మళ్లీ కుండ వైపు చూశాడు. "పెండ్లికి ముందు మా మేనమామ ఎంబడి అడివి దిక్కు పోయినప్పుడు సూసిన. ఎంత మంచిగ కట్టిన్రే లొట్టిని. సూడు, వానకు తడవకుంట మీద కప్పు గూడ పెట్టిన్రు."

రమ నా చెయ్యి గిల్లింది. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే భయం కూడా వచ్చింది. చూపు పైకి పోయిందంటే కాలు ఆగుతుందా? ఆ రోజు నుంచి సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాను. మోకు గట్టిది, మెడ పట్టేసింది.

వాద్దువ, పున్నమి

కొండలు దిగి మళ్లీ కొలంబో వచ్చి, సముద్రం పక్కన పోయే రైలెక్కాం. కిటికీలోంచి తుంపర లోపలికి కొడుతుంది. వాద్దువలో దిగాం, వీడియోలో ఆ ఊరి పేరే ఉంది. బయట ఆటోలు నిలబడి ఉన్నాయి, మన ఆటోలే. నిహాల్ అనే అతని ఆటో ఎక్కాం. అతనూ రమా ఇంగ్లీషులో మాట్లాడుకుంటే, రమ మాకు చెప్పింది.

"ఈ రోజు పున్నమి అంట మామా. పున్నమి రోజు ఈ దేశంల కల్లు, సారా ఏదీ అమ్మరంట. దుకాన్లన్నీ బందే."

మా ఆయన నమ్మలేదు. "దేశం మొత్తమా? ఒక్కడు గూడ అమ్మడా?"

నిహాల్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అమ్మరన్నాడు. మన దగ్గర గాంధీ జయంతి రోజు ఏ సందులో ఏం దొరుకుతుందో నాకు తెలుసు, మసాలా కంపెనీకి ముందు కల్లు కాంపౌండ్‌లో ఇరవై ఏళ్లు కూర్చుని అమ్మినదాన్ని. అందుకే ఆ దేశం మీద గౌరవం ఇంకొంత పెరిగింది.

రమ వీడియో చూపిస్తే నిహాల్ ఆ మనిషి ఎవరో తెలియదన్నాడు. "కానీ నా భార్య తమ్ముడు సునీల్ కూడా తాడు మీద నడుస్తాడు. రేపు తెల్లవారగానే తీసుకుపోతా" అన్నాడు.

గురువారం

సునీల్ నలభై ఏళ్ల మనిషి, సన్నగా, నల్లగా, నవ్వు ముఖం. లుంగీ ఎగగట్టి, వెనక కత్తి దోపుకుని ఉన్నాడు. చెట్టుకు మెట్లలా కొబ్బరి పీచు డొప్పలు కట్టి ఉన్నాయి. వాటి మీద కాళ్లు పెట్టి కోతిలా ఎక్కిపోయాడు. పైన ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ పీచు తాళ్లు కట్టి ఉన్నాయి. వాటి మీద నడుస్తుంటే కింది తాడు ఊగుతుంది, మనిషి ఊగుతాడు. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, పువ్వు మొగ్గను కొట్టి, చివర సన్నగా కోసి, కుండలోది వంపుకుని మళ్లీ నడుస్తాడు. చెట్లెక్కే మొగోళ్లను నేను ఎంతమందినో చూశాను. ఇట్లాంటిది చూడలేదు. మా ఆయన నోరు తెరుచుకుని, మెడ విరిగేలా చూస్తున్నాడు.

సునీల్ తల్లి సోమావతి నా వయసుదే. కొడుకు పైన ఉన్నంతసేపు ఆమె ఇసుక ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. ఒక్కసారి కూడా పైకి పిలవలేదు. మా అత్త కూడా అట్లాగే చెప్పేది, చెట్టు మీదున్న మనిషిని కింది నుంచి పిలవొద్దని.

సునీల్ దిగి వచ్చాక ఆమె కొబ్బరి చిప్పలో కల్లు పోసి మా ఆయనకు ఇచ్చింది. ఆయన చెప్పులు విడిచి, తాగేముందు మొదటి చుక్కలు మా గీతగాళ్ల దేవత ఎల్లమ్మ తల్లికని నేల మీద వంపాడు. సోమావతి ముఖం చిన్నబోయింది. పులిసిందనుకుందేమో, వేరే కుండలోంచి ఇంకో చిప్ప తెచ్చింది. కొత్త కుండ కదా, ఆయన మళ్లీ మొదటి చుక్కలు తల్లికని వంపాడు. ఆమె కొడుకును తిట్టి మూడో కుండ తెప్పించింది.

"మామా, ఇగ తాగు! పాపం ఆమె అనుకునేదేందో!" అని రమ మొత్తుకుంటూ, నిహాల్‌కు దేవత సంగతి చెప్పింది. అది విని సోమావతి పడీపడీ నవ్వింది. తనూ ఒక చిప్ప తీసుకుని ఇసుకలో వంపింది. తరువాతే మా ఆయన తాగాడు. "తియ్యగున్నది. మన ఈతకల్లంత నిఖార్సు గాదు గని, మంచిగున్నది," అన్నాడు.

సునీల్ ఇంకో వరుస చెట్లెక్కడానికి లుంగీ సర్దుకుంటున్నాడు. అప్పుడు మా ఆయన నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

"లచ్చవ్వా, సంచి తే."

నేను సంచి మీద కూర్చున్నాను. "తేను."

"తే అంటున్న."

"నీ కాలు సూస్కో. నీ ఈడు సూస్కో. ఈ దేశంల దవాఖానా యాడుందో నాకు తెల్వదు. నిన్ను మోసుకపోనీకి ఈడ నా అన్నదమ్ములు లేరు."

"అత్తమ్మా, జర ఇనరాదు..."

"నువ్వు నోర్ముయ్యి. ఈ వీడియో లొల్లంతా నీదే."

మా ఆయన కుంటికాలు బారచాపి నా ఎదురుగా ఇసుకలో కూలబడ్డాడు. కోపం లేదు ముఖంలో.

"నాకు గాదే," అన్నాడు.

"మల్లెవరికి?"

గడ్డంతో సునీల్‌ను చూపించాడు. "వానికి. వాని నడుముకేం లేదు, సూసినవా? ఆ వీడియో సూసినకాడికెంచి నాకు నిద్ర సక్కగ లేదు. పొట్టి ఈతచెట్టే గదా అనుకున్న నేను ఆనాడు. వీడు గంత ఎత్తుల ఏమనుకుంటున్నడో."

నేను లేచాను. సంచి విప్పి, తొమ్మిదేళ్లు ముట్టని మోకును నా చేత్తోనే తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని కళ్లకు అద్దుకుని, చెట్టు చుట్టూ తిప్పి, నడుముకు వేసుకుని, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి సునీల్‌కు చూపించాడు. అంతవరకు బాగానే ఉంది. అలవాటైన పాదాలు కదా. ఒక కాలు లేచింది. మోకు ఎగిరి పైకి జరిగింది. రెండో కాలు లేచింది. నా తల కన్నా ఎత్తుకు పోయాడు. నేను అరవబోయి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. పిలవకూడదు. సోమావతి కూడా చీపురు వదిలేసింది. ఆయన అక్కడ ఒక్క క్షణం ఆగాడు, చుట్టూ చూశాడు, మెల్లగా దిగాడు.

"ఒట్టేమైంది?" అన్నాను.

"అది ఎక్కుడు గాదు. సూపిచ్చుడు."

సునీల్‌కు ముందు నచ్చలేదు. తాడు మీద నడిచేటప్పుడు కాళ్లకు అడ్డం పడుతుందని నిహాల్‌తో చెప్పించాడు. "నడిసేటప్పుడు భుజానేస్కో అను బిడ్డా," అన్నాడు మా ఆయన రమతో. "చెట్టు కాడ ఆగి కోసేటప్పుడు ఏస్కోమను. అంతసేపే చాలు." ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వేసి చూపించాడు. సునీల్ నవ్వి, మోకు భుజాన వేసుకుని ఎక్కాడు.

పైన మట్టల మధ్య కాసేపు కనబడలేదు. తరువాత వెనక్కి వాలి, రెండు చేతులూ గాల్లో ఊపాడు. సోమావతి నా ముంజేయి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆమె గోళ్ల గుర్తులు ఉప్పల్ దాకా వచ్చాయి.

సునీల్ దాన్ని రోజూ వేసుకుంటున్నాడో, పాకలో మేకుకు తగిలించాడో నాకు తెలియదు. తెలియనిది రాయను. మా ఇంట్లో ఆ మేకు ఇప్పుడు ఖాళీగా ఉంది. మా ఆయన రామంతాపూర్ పోయేటప్పుడు ఇప్పుడు రోడ్డు దాటడు. ఆ తాటిచెట్టు కిందినుంచే నడుస్తాడు, దాని గెలలు ఎవరూ కోయడం లేదని తిట్టుకుంటూ.

ఆ గురువారం పొద్దున అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. చెట్టు కింద సోమావతి, ఆటో నిహాల్, మా కోడలు రమ, లక్ష్మమ్మనైన నేను. తల పైకెత్తి నిలబడ్డ మా ఆయన యాదగిరి. చెట్టు మీద సునీల్, నడుముకు మోకుతో.